గ్రీజు చేతులు, అన్నం ముద్ద

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చేతుల గురించే. మైలేజీ పడిపోయిందని, గేరు మారుస్తుంటే కిర్రుమంటోందని రాసినవాళ్ళు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి. విజయవాడ ఆటోనగర్ షెడ్డులో బోల్టులు విప్పుతూ బతికినవాణ్ణి కనుక చేతికి ఏది అంటుతుందో, ఏది ఓ పట్టాన వదలదో నాకు తెలుసు. డాక్టరు చూడాల్సినవి మాత్రం డాక్టరుకే వదిలేస్తాను.

*

మాస్టారూ, నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పాత మారుతి 800 ఉంది. ఆదివారం వస్తే దాని పనంతా నేనే చేసుకుంటాను. చిక్కల్లా చేతులతోనే. పెట్రోలుతో కడిగి, బట్టల సబ్బుతో తోమినా గోళ్ళ చుట్టూ, వేళ్ళ గీతల్లో నలుపు వారం మధ్య దాకా పోదు. బోర్డు మీద రాస్తుంటే పిల్లలు లెక్క మానేసి నా వేళ్ళు చూస్తున్నారు. పెట్రోలు వాసన భరించలేక మా ఆవిడ ఆదివారం పూట చెంచా ఇచ్చి తినమంటోంది. దారి చెప్పండి.
— ఒక ఉపాధ్యాయుడు, తెనాలి

లెక్కల మాస్టారు నన్ను మాస్టారూ అనడం బాగుంది. ముందు ఆ పెట్రోలు సీసా పక్కన పెట్టేయండి. మీ చేతులు అన్ని రోజులు నల్లగా ఉండటంలో ఇంజన్ ఆయిల్ తప్పు కన్నా పెట్రోలు తప్పే ఎక్కువ. చర్మానికి తనదైన జిడ్డు ఒకటి ఉంటుంది. గ్రీజుతో పాటు దాన్ని కూడా పెట్రోలు లాగేస్తుంది. చర్మం ఎండి సన్నసన్నగా పగులుతుంది. వచ్చే ఆదివారం మసి నేరుగా ఆ పగుళ్ళలోకి దిగి కూర్చుంటుంది. దాన్ని వదిలించడానికి మీరు ఇంకాస్త పెట్రోలు పోస్తారు.

ఇంకో సంగతి. ఇప్పుడు బంకుల్లో దొరికే బిఎస్-6 (కాలుష్యం తగ్గించే భారత్ స్టేజ్ ప్రమాణం) పెట్రోల్లో కూడా 1 శాతం వరకు బెంజీన్ ఉండొచ్చు. బెంజీన్ క్యాన్సర్ తెస్తుందని ఎప్పుడో తేలిపోయింది. 2000 సంవత్సరం మొదలయ్యేదాకా మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు కూడా అమ్మారు. మా గురువుల తరం దాంట్లోనే మోచేతుల దాకా ముంచి కడుక్కుంది. వాళ్ళు కడిగారని మనం కడగక్కర్లేదు. కిరసనాయిలు, థిన్నర్, డీజిల్ అన్నీ ఆ తాను ముక్కలే.

ఇక కడిగే పద్ధతి. పని కాగానే కుళాయి దగ్గరికి పరిగెత్తొద్దు. నీళ్ళు తగిలిన చేతికి నూనె పట్టదు. పొడి చేతుల్లోనే చెంచాడు కొబ్బరి నూనె వేసుకోండి, కొబ్బరి నూనె లేకపోతే వంటింట్లో ఉన్న ఏ నూనె అయినా సరే. దాని మీద చెంచాడు పంచదార చల్లుకుని రెండు నిమిషాలు తీరిగ్గా రుద్దండి. వేళ్ళ సందుల్లోనూ బొటనవేలి మొదట్లోనూ ఇంకాస్త ఎక్కువసేపు. నల్లటి రసం కారుతుంది. పాత గుడ్డతో తుడిచేయండి. అప్పుడు అంట్లు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు, మళ్ళీ నీళ్ళు లేకుండానే. అది నురగ రాకుండా జిగటగా ఉన్నప్పుడే గోళ్ళ చుట్టూ పాత టూత్ బ్రష్షుతో తోమండి. అంతా అయ్యాక గోరువెచ్చని నీళ్ళు. పండగ పూట తలంటు ఎలా పోస్తారు? ముందు నూనె, ఆ పైన నలుగు, ఆఖరున నీళ్ళు. చేతులకూ అదే వరస. పంచదార బదులు సున్నిపిండి వేసుకున్నా పని జరుగుతుంది. పంచదారలో ఉన్న సుఖం ఏమిటంటే నీళ్ళు పోయగానే కరిగిపోతుంది, బేసిన్ గొట్టంలో పేరుకోదు. షెడ్డుల్లో సర్ఫులో ఇసుకో, రంపపు పొట్టో కలిపి రుద్దుతారు. రంపపు పొట్టు ఫర్వాలేదు. ఇసుక చర్మాన్ని గీకేస్తుంది, బట్టల పౌడరు ఆ గీతల్లో మంట పెడుతుంది.

పని మొదలు పెట్టకముందు చేయాల్సింది కూడా ఒకటుంది, చాలామందికి అలవాటు లేదు. తడి సబ్బు బిళ్ళని పది గోళ్ళతో గీకండి. గోళ్ళ కింద సబ్బు నిండుతుంది. మసికి చోటుండదు. సాయంత్రం కడిగితే ఆ సబ్బు తనంతట తనే బయటికొస్తుంది. వట్టి చేతులతో పని చేసేవాడికి ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు.

మీ 800లో యాక్సిల్ బూటు, అంటే యాక్సిల్ కీలును కప్పే రబ్బరు తొడుగు, చినిగి ఆ గ్రీజు గానీ అంటుకుందంటే ఇంత చేసినా కాస్త నలుపు మిగులుతుంది. అది మాలిబ్డినం కలిపిన గ్రీజు, వెండి ఛాయ ఉన్న నలుపు. దాన్ని తోమి తోమి చర్మం ఊడదీసుకోకండి. రెండు మూడు రోజుల్లో పైపొరతో పాటే పోతుంది.

కడుక్కున్న తీరు సరైందో కాదో చూసుకోవడానికి మా షెడ్డులో ఒక పరీక్ష ఉంది. ఆవకాయ అన్నం కలపండి. వేళ్ళ చివర్లు చురుక్కుమంటే చర్మం పగిలి ఉందన్నమాట. ఆ రాత్రికి కొబ్బరి నూనో వాజిలైనో రాసుకుని పడుకోండి. మంట లేకుండా ముద్ద కలిసిందా, చెంచా ఆవిడకి తిరిగిచ్చేయండి.

*

అన్నా, నమస్తే. నాకు చిన్న కార్ షెడ్డు ఉంది. నేను, ఇద్దరు హెల్పర్లు. మెడికల్ షాపులో తెల్ల గ్లౌజులు తెచ్చాను. ఆయిల్ తగిలిన కాసేపటికే ఉబ్బి, సాగి, చినిగిపోతున్నాయి. పైగా ఎండాకాలంలో లోపల చేతులు చెమటకు నాని తెల్లబడుతున్నాయి. మా పిల్లలైతే గ్లౌజులు వేసుకున్నవాణ్ణి చూసి 'డాక్టర్ సాబ్ వచ్చిండు' అని నవ్వుతున్నారు. అసలు ఏ గ్లౌజులు కొనాలి?
— ఒక మెకానిక్, హనుమకొండ

తమ్ముడూ, నువ్వు తెచ్చినవి లేటెక్స్ గ్లౌజులు, అంటే చెట్టు రబ్బరు. ఆ రబ్బరుకు పెట్రోలు, ఆయిల్ పడవు. పీల్చుకుని ఉబ్బుతుంది. ఆస్పత్రిలో అవి బాగానే ఉంటాయి, మన దగ్గర నిలవవు. నైట్రైల్ అని అడుగు. నీలంలోనో నలుపులోనో వస్తాయి, వంద ఒక పెట్టె. ఆయిల్‌కీ గ్రీజుకీ బాగా ఆగుతాయి. అందులోనూ రకాలున్నాయి. పరీక్షలు చేసేవాళ్ళు వాడేవి మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటాయి, బోల్టు అంచు తగిలితే చీరుకుపోతాయి. 0.15 నుంచి 0.2 మిల్లీమీటర్ల మందం ఉన్నవి తీసుకో. పౌడరు లేనివే అడుగు. పౌడరూ చెమటా కలిస్తే లోపల పిండి ముద్దవుతుంది. అందరూ నల్లవే స్టైలు అంటారు గానీ నా ఓటు నీలానికే. ఎక్కడ చిరిగి ఆయిల్ లోపలికి దిగిందో నీలం మీద కనిపిస్తుంది.

సైజు దగ్గర బద్ధకించకు. వేలి చివర గాలి మిగిలితే చిన్న నట్టు మర ఎక్కించలేవు, చిరాకేసి తీసి అవతల పారేస్తావు. ముగ్గురికీ ఒకే సైజు పెట్టె కొంటే ఇద్దరు వాడరు.

చెమటకు పూర్తి మందు లేదు. మే నెలలో మా బెజవాడ ఎండకు గ్లౌజులో నీళ్ళు కారతాయి. నానిన చర్మం కూడా చెడుతుంది, అది నిజమే. అందుకని పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకటే జత ఉంచుకోవద్దు. ఆయిల్ మార్చేటప్పుడు, బ్రేకులు విప్పేటప్పుడు, యాక్సిల్ పని చేసేటప్పుడు వేసుకో. తీశాక చేతులు తుడుచుకుని ఆరనివ్వు. సన్నటి నూలు గ్లౌజులు లోపల వేసుకుని పైన నైట్రైల్ వేస్తే చెమట నూలు పీల్చుకుంటుంది. నూలువి ఉతికి మళ్ళీ వాడొచ్చు. చెమటతో తడిసిన నైట్రైల్‌ని మధ్యాహ్నం మళ్ళీ తొడుక్కోవడం మాత్రం వద్దు.

తీసే పద్ధతి కూడా ఉంది. ఎడమ చేతి గ్లౌజుని మణికట్టు దగ్గర బయటి నుంచి గిల్లి పట్టుకుని లోపలిది బయటికి వచ్చేలా తిరగదీయి. దాన్ని కుడి గుప్పిట్లో ఉండచుట్టు. ఇప్పుడు వట్టి ఎడమ వేలు కుడి గ్లౌజు అంచు లోపలికి దూర్చి అలాగే తిరగదీయి. రెండూ ఒకదాంట్లో ఒకటి మూటలా అయిపోతాయి, మసి చర్మానికి తగలదు. పళ్ళతో లాగి తీసేవాళ్ళని చూశాను. అంతకన్నా వేసుకోకపోవడమే నయం.

గ్లౌజులు వద్దనే చోట్లు కూడా ఉన్నాయి. తిరుగుతున్న బెల్టు దగ్గర, డ్రిల్ దగ్గర, గ్రైండర్ దగ్గర గుడ్డ గ్లౌజులు, తోలు గ్లౌజులు వేసుకోకూడదు. గుడ్డ పోగు చిక్కిందంటే చెయ్యి కూడా దాంతో పోతుంది. రేడియేటర్ ఫ్యానుతో ఇంకా జాగ్రత్త. కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా ఇంజన్ వేడికి అదే తిరగడం మొదలెడుతుంది. దాని దగ్గర వేళ్ళు పెట్టే పని ఉంటే బ్యాటరీ నెగెటివ్ విప్పేయి. థిన్నర్, బ్రేక్ క్లీనర్ స్ప్రే లాంటివి నైట్రైల్‌ని కూడా తొందరగానే దాటేస్తాయి. వాటితో తడిస్తే వెంటనే మార్చు. కాలుతున్న సైలెన్సరుకు ఇది అడ్డం కాదు, తోలు గ్లౌజు కావాలి.

నవ్వే పిల్లలకు నువ్వేం చెప్పకు. గ్లౌజుల పెట్టె టూల్ బోర్డు పక్కన చేతికందేలా పెట్టు. నువ్వు భోజనానికి కూర్చోగానే తినగలిగి, వాళ్ళు అరగంట కుళాయి దగ్గర తోముకుంటుంటే వాళ్ళే తీసుకుంటారు.

*

అన్నయ్య గారూ, మా అబ్బాయికి పందొమ్మిదేళ్ళు. ఐటీఐ చదివి ఒక షెడ్డులో పనికి కుదిరాడు. మూడు నెలలకే వేళ్ళ సందుల్లో ఎర్రగా రేగి, పగిలి, రాత్రిళ్ళు దురదతో నిద్రపోవడం లేదు. తొడల మీద, ముంజేతుల మీద నల్లటి మొనలతో గుల్లలు వచ్చాయి. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది. పని మాన్పించెయ్యాలా?
— ఒక తల్లి, అనకాపల్లి

చెల్లెమ్మా, మాన్పించక్కర్లేదు. కాకపోతే ముందు ఆ ట్యూబు ఆపించి చర్మ వైద్యుడికి చూపించండి. షాపులో అడిగితే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నాలుగు రోజులు దురద అణుగుతుంది, చర్మం పల్చబడుతుంది, ఒకవేళ అది తామరే అయితే ఇంకా పాకుతుంది. డాక్టరుకు అబ్బాయి చేసే పని ఏమిటో, చేతులు దేంతో కడుగుతాడో చెప్పించండి. ఆ రెండో ముక్క చాలామంది చెప్పరు. వేళ్ళ సందుల్లో రేగడానికి నేను చూసినంతలో ఎక్కువసార్లు కారణం పెట్రోలుతోనో థిన్నరుతోనో కడగడమే.

తొడల మీది గుల్లల కథ వేరు. అది ఆయిల్ వల్ల. నూనెతో తడిసిన బట్ట రోజంతా ఒంటికి అంటుకుని ఉంటే రోమం మొదళ్ళు మూసుకుని గుల్లలు లేస్తాయి. అబ్బాయి ప్యాంటు జేబులు ఒకసారి చూడండి. ఆయిల్ తుడిచిన వేస్టు గుడ్డ కుడి జేబులో ఉంటుంది చూసుకోండి, మా వాళ్ళందరికీ ఆ అలవాటే. చెయ్యి తుడుచుకోవడం, జేబులో కుక్కుకోవడం. ఆ జేబు కింద తొడ, గజ్జ రోజంతా పాత ఆయిల్‌లో నానుతుంటాయి.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని ఎందుకంటున్నానో చెబుతాను, భయపెట్టడానికి కాదు. ఇంగ్లండులో లాంకషైర్ నూలు మిల్లుల్లో కదుళ్ళకు వేసే నూనె కార్మికుల ప్యాంట్ల మీద చిమ్ముతూ ఉండేది. వాళ్ళలో వృషణాల సంచి చర్మానికి క్యాన్సర్ వస్తోందని ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలోనే డాక్టర్లు పట్టుకున్నారు. అంతకు చాలా ముందే, 1775లో, లండన్‌లో పెర్సివల్ పాట్ అనే సర్జన్ పొగగొట్టాలు ఊడ్చేవాళ్ళకు మసి వల్ల ఇదే జబ్బు వస్తోందని రాశాడు. కొత్త ఇంజన్ ఆయిల్‌తో అంత భయం లేదు, బాగా శుద్ధి చేసి అమ్ముతారు. ఇంజన్‌లో వేల కిలోమీటర్లు కాగి నల్లబడిన ఆయిల్‌లో ఆ మసి తాలూకు రసాయనాలే చేరతాయి. అందుకే 2019లో యూరోపియన్ యూనియన్ వాడేసిన ఇంజన్ ఆయిల్ ఒంటికి తగిలే పనిని క్యాన్సర్ ముప్పున్న పనుల్లో చేర్చింది. ఇదంతా ఏళ్ళ తరబడి నానితే వచ్చే ప్రమాదం. మీ అబ్బాయికి వచ్చినవి గుల్లలే, టెన్షన్ పడకండి. అలవాట్లు మాత్రం ఇప్పుడే మార్చాలి.

పనికి వేరే జత బట్టలు పెట్టండి, వాటితో ఇంటికి రానివ్వకండి. షెడ్డులోనే మార్చుకుని రావాలి. ఆ జతను ఇంట్లోవాళ్ళ బట్టలతో కలిపి ఉతకొద్దు. తుడిచే గుడ్డ బెల్టుకో, టూల్ ట్రాలీకో వేలాడాలి, జేబులోకి పోకూడదు. ఆయిల్ మీద పడి ప్యాంటు తడిస్తే 'సాయంత్రం చూద్దాంలే' అనకుండా అప్పుడే మార్చాలి. షెడ్డు ఓనరు గ్లౌజులు ఇవ్వకపోతే మీరే ఒక పెట్టె కొనివ్వండి. ట్యూబుల ఖర్చు కన్నా తక్కువే అవుతుంది.

*

డీజిల్ బండ్లలో పైపు లీకు చేత్తో తడిమి చూస్తే వేలు తీసేయాల్సి వస్తుందని మా ఊళ్ళో ఒకరు చెప్పారు. చుక్క డీజిల్‌కి వేలు పోతుందా? నమ్మబుద్ధి కాలేదు.
— ఒక ట్రాక్టర్ యజమాని, నంద్యాల

నమ్మండి. కారు టైరులో 32 పాయింట్ల గాలి కొట్టిస్తారు కదా, అది సుమారు 2.2 బార్. ఇప్పటి కామన్ రైల్ డీజిల్ ఇంజన్లలో ఇంజెక్టర్ పైపుల్లో ఒత్తిడి 1,600, 2,000 బార్ దాకా పోతుంది. అంటే టైరు కన్నా ఏడు నుంచి తొమ్మిది వందల రెట్లు. ఆ పైపుకు సూది మొనంత చిల్లు పడితే వచ్చే ధార కంటికి ఆనదు, పొగలా ఉంటుంది. వేలు అడ్డం పెడితే చర్మాన్ని కోసుకుని లోపలికి, నరాల వెంట అరచేతిలోకి దూసుకుపోతుంది.

మోసమంతా పైకి కనిపించే గాయంలో ఉంది. చిన్న చుక్క, చీమ కుట్టినట్టు. నెత్తురు పెద్దగా రాదు, మొదట నొప్పి కూడా అంతగా ఉండదు. మనవాడు చెయ్యి తుడుచుకుని పనిలో పడతాడు. కొన్ని గంటలకు వేలు ఉబ్బి, బిగిసి, సలుపు మొదలవుతుంది. అప్పటికి లోపల కండ చచ్చిపోతూ ఉంటుంది. ఇది ఆపరేషన్ చేసి లోపల శుభ్రం చేయాల్సిన గాయం, అదీ వీలైనంత త్వరగా. ఆర్.ఎం.పి. దగ్గర టిటి వేయించుకుని ఇంటికెళ్ళిపోతే చాలదు. సర్జన్ ఉన్న పెద్దాస్పత్రికి వెళ్ళాలి, 'ఒత్తిడితో డీజిల్ లోపలికెక్కింది' అని ఆ మాటే చెప్పాలి, లేకపోతే వాళ్ళు కూడా చిన్న గాయమే అనుకుంటారు. పిండకండి, కాపడం పెట్టకండి.

లీకు చూడాలంటే చెయ్యి దూరంగా ఉంచి అట్టముక్క ఆడించండి. అట్ట తడుస్తుంది లేదా దాని మీద గీత పడుతుంది. ఇంజన్ ఆపిన వెంటనే పైపు నట్టు విప్పకండి, ఒత్తిడి దిగడానికి కాస్త టైము ఇవ్వండి. మీ ట్రాక్టర్ హైడ్రాలిక్ పైపులకు, గ్రీజు గన్నుకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. నిపుల్‌లో, అంటే గ్రీజు ఎక్కించే మొనలో, గ్రీజు ఎక్కకపోతే వేలితో అదిమిపెట్టి కొట్టేవాళ్ళున్నారు. వద్దు.

*

సార్, నేను నెలకోసారి హైదరాబాద్ నుంచి సూర్యాపేట మా అమ్మ దగ్గరికి ఒంటరిగా డ్రైవ్ చేసుకుంటూ వెళ్తాను. మొన్న హైవే మీద పంక్చరైతే స్టెప్నీ నేనే మార్చాను. చాలా సంతోషం వేసింది గానీ చేతులు బొగ్గులా తయారయ్యాయి, స్టీరింగ్, చున్నీ అన్నిటికీ అంటాయి. డిక్కీలో ఏం పెట్టుకోవాలి?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

శభాష్ అమ్మా. మీ చేతికి అంటింది గ్రీజు కాదు, చాలావరకు బ్రేకు ప్యాడ్లు అరిగిన పొడి, రోడ్డు మురికి. పొడిగా ఉన్నప్పుడు దులిపితే సగం పోతుంది, తడిపితే అతుక్కుంటుంది. డిక్కీలో ఒక జత రబ్బరు పూత ఉన్న నూలు గ్లౌజులు పెట్టుకోండి, హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. వీల్ నట్టుకు అవే మంచి పట్టు. దాంతో పాటు పాత తువ్వాలు, లీటరు నీళ్ళ సీసా, చిన్న డబ్బాలో అంట్ల సబ్బు. గ్లౌజులు మర్చిపోతే కూరగాయల పాలిథీన్ కవర్లు రెండు చేతులకు తొడుక్కోండి, చూడ్డానికి బాగోదు గానీ పని నడుస్తుంది. గాజులు, ఉంగరాలు తీసి గ్లవ్ బాక్సులో పెట్టండి. దూరం నుంచి వచ్చి ఆగిన బండి చక్రం మధ్య భాగం, బ్రేకు డిస్కు కాలిపోతూ ఉంటాయి, కాసేపు ఆగి ముట్టుకోండి.

*

బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పూత పూస్తోంది. గోటితో గీకి తీస్తే వేళ్ళు మండాయి. ఎలా తీయాలి?
— రాజమహేంద్రవరం

గోటితో గీకారా! ఆ బ్యాటరీలో ఉండేది నీళ్ళు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్, బరువులో మూడో వంతుకు పైగా యాసిడే. పూతలో దాని అంశ ఉంటుంది. గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకుని గ్లాసుడు నీళ్ళలో రెండు చెంచాల వంటసోడా కలిపి పాత బ్రష్షుతో రుద్దండి. బుసబుస పొంగుతుంది, ఆగాక తుడిచి, ఆరాక వాజిలైన్ పూయండి. ఆ నీళ్ళు బ్యాటరీ మూతల్లోకి పోనివ్వకండి. యాసిడ్ చేతి మీద పడితే మాత్రం సోడా కోసం వెతుక్కోవద్దు. ధారగా నీళ్ళ కింద ఇరవై నిమిషాలు పెట్టండి. కంట్లో పడితే అలాగే కడుగుతూ కంటి ఆస్పత్రికి.

విప్పేటప్పుడు ఎప్పుడూ నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు అది ఆఖరున. నెగెటివ్ విప్పుతుండగా పానా బాడీకి తగిలినా ఏం కాదు. పాజిటివ్ ముందు విప్పుతూ తగిలించారంటే నిప్పులు చిమ్ముతాయి. మధ్యలో మీ వేలి బంగారు ఉంగరం ఉంటే క్షణంలో ఎర్రగా కాలి వేలి చుట్టూ కాలుస్తుంది. నవగ్రహాల ఉంగరం తీయకూడదని పంతులు గారు చెప్పారని చాలామంది అంటారు. గంట సేపు పూజ గదిలో పెట్టండి, గ్రహాలేమీ అనుకోవు. వేలు లావై రాకపోతే సబ్బు రాసి తిప్పుతూ లాగండి. ఎంతకీ రాదంటే బ్యాటరీ పని ఇంకొకరికి ఇవ్వండి.

*

అంకుల్, ఇక్కడ ఆయిల్ చేంజ్ నేనే చేసుకుంటాను. ఎంత జాగ్రత్త పడ్డా డ్రెయిన్ నట్టు ఊడగానే ఆయిల్ మోచేతి దాకా కారుతుంది. చలికాలంలో గరాజ్‌లో పని చేశాక చేతులు నెత్తురొచ్చేలా పగులుతున్నాయి.
— మిషిగన్, అమెరికా

బాబూ, ఇంజన్ బాగా కాలినప్పుడు ఆయిల్ తీయకు. గోరువెచ్చగా ఉంటే చాలు, కారిపోతుంది. నట్టు పానాతో వదులు చేశాక మిగతాది వేళ్ళతో తిప్పుతూ పైకి, చాంబర్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) నొక్కి పట్టుకో. మరలన్నీ వదిలేదాకా ఆ ఒత్తిడి తగ్గించకు. వదిలాయని వేళ్ళకు తెలియగానే నట్టుతో సహా చేతిని పక్కకి చటుక్కున లాగు. నట్టు కిందికి లాగితే ఆయిల్ చేతి వెంటే వస్తుంది. మోచెయ్యి మణికట్టు కన్నా కింద ఉంటే గ్లౌజు మీద పడింది కూడా చొక్కాలోకి జారుతుంది. ఒంటిని అలా సర్దుకో, లేదా గ్లౌజు అంచు బయటికి మడిచి చిన్న గట్టులా చెయ్యి.

చలి పగుళ్ళకు వేడినీళ్ళు విరోధి. గోరువెచ్చని నీళ్ళతోనే కడిగి, తడి పూర్తిగా ఆరకముందే వాజిలైన్ దట్టంగా రాసి, నూలు గ్లౌజులు వేసుకుని పడుకో. నారింజ వాసన వచ్చే గ్రీజు సబ్బులు అక్కడ బాగా దొరుకుతాయట, పని చేస్తాయి గానీ పగిలిన చర్మం మీద మంట. మానేదాకా నూనె, పంచదార పద్ధతే మేలు.

*

కొన్ని పొట్టి ప్రశ్నలు, పొట్టి జవాబులు.

శానిటైజర్‌తో గ్రీజు పోతుందా? (నల్గొండ) — పోదు, పల్చగా పూసుకుంటుంది. పగుళ్ళలో మంట, పక్కన వెల్డింగ్ ఉంటే చేతికి నిప్పు.

పనికి ముందు వాజిలైన్ రాసుకోవచ్చా? (ఏలూరు) — గోళ్ళ చుట్టూ, చేతి వెనక పల్చగా రాసుకోండి, కడగడం తేలికవుతుంది. అరచేతికి రాస్తే పానా జారి కణుపులు పగులుతాయి. గ్లౌజులకు ఇది బదులు కాదు.

బ్రేక్ ఆయిల్ పడితే? (ఖమ్మం) — మామూలు బ్రేక్ ఆయిల్ పేరుకే ఆయిల్, నీళ్ళలో కలిసిపోతుంది. సబ్బు నీళ్ళు చాలు. కూలెంట్ కూడా అంతే, కాకపోతే అది తియ్యగా ఉండే విషం, పిల్లలకూ కుక్కలకూ అందనివ్వకండి. ఆ చేత్తో కారు రంగు ముట్టుకోవద్దు, బ్రేక్ ఆయిల్ పెయింటు లేపేస్తుంది.

డీజిల్ వాసన పోవడం లేదు. (తిరుపతి) — అంట్ల సబ్బుతో రెండుసార్లు కడిగి, పగుళ్ళు లేకపోతే నిమ్మ చెక్క రుద్దండి. తర్వాత నీళ్ళతో శుభ్రంగా కడిగేయండి. నిమ్మరసం చేతి మీద ఉండగా ఎండలో తిరిగితే చర్మం కాలి మచ్చలు పడతాయి.

ఫెవిక్విక్‌తో వేళ్ళు అతుక్కుంటే? ఎం-సీల్ కలపడానికి గ్లౌజులు అవసరమా? (కరీంనగర్) — వేళ్ళను లాగొద్దు. గోరువెచ్చని సబ్బు నీళ్ళలో నానబెట్టి, పెన్సిల్ దొర్లించినట్టు మెల్లగా విడదీయండి. ఎం-సీల్‌కి గ్లౌజులు కావాలి. అది ఎపాక్సీ. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత జన్మలో పడదు.

మాది సెంట్రింగ్ పని. రేకులకు షెడ్డుల నుంచి తెచ్చిన పాత ఇంజన్ ఆయిల్ గుడ్డతో పూస్తాం. ఇదంతా మెకానిక్కులకేనా, మాకూ వర్తిస్తుందా? (భీమవరం) — మీకే ఎక్కువ వర్తిస్తుంది. మా వాడికి చెయ్యి మాత్రం తడుస్తుంది, మీరు రోజంతా బకెట్లో ముంచిన గుడ్డ పిండుతారు. గుడ్డ మానేసి పొడుగు కర్రకు పెయింటు రోలర్ కట్టండి. నైట్రైల్ గ్లౌజులు, అందులోనూ పొడుగు అంచున్నవి తీసుకోండి. సెంట్రింగ్ కోసమే తయారు చేసి అమ్మే షట్టరింగ్ ఆయిల్ ఉంది, మేస్త్రీతో చెప్పి అది తెప్పించగలిగితే మరీ మంచిది. వాడేసిన ఆయిల్‌ని 2016 నిబంధనల్లో ప్రమాదకర వ్యర్థం కింద పెట్టారు, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్ళకే ఇవ్వాలి. మిగిలిన బకెట్ కాలవలో మాత్రం కుమ్మరించకండి.